తోలే పద్ధతి

పొద్దున ఐదున్నరకు చెరువు గట్టు దిగి వస్తాయి,
పదకొండు.
చేతులు వెనక్కి కట్టుకున్న రిటైర్డ్ ఆఫీసర్ల మాదిరి
మెడలు నిటారుగా పెట్టుకొని
మా అపార్ట్‌మెంట్ లాన్ మీదికి, ఇన్‌స్పెక్షనుకు.

మునివెంకటప్ప షెడ్డు పడగొట్టి చుట్టూ రేకులు కొట్టినప్పటి నుంచీ
వాటికి యజమాని లేడు.
ఆయన యాడికి పోయినాడో హొరమావులో ఎవరికీ తెలీదు.
బాతులు మాత్రం అడ్రసు మార్చుకోలేదు.

అవి హంసల జాతి అంటారు బి బ్లాకు సరోజిని టీచరు.
పాలూ నీళ్ళూ వేరు చేస్తాయంట.
నేను చూసినంతలో అవి వేరు చేసేది
గడ్డినీ, గడ్డి వేరునీ.
చేసి, నడిచే దోవ పొడుగునా రెట్ట,
వేలెడేసి పొడుగు, పచ్చగా.
జారిపడిన మాథుర్ సారు మోకాలికి బెల్టు.
స్కేటింగ్ పిల్లోడి పిక్క మీద ముక్కు గాటు.

మీటింగు పెట్టినారు.
పటాకులు కాల్చమన్నాడు ఒకాయన.
క్రిస్మస్ దగ్గరికొచ్చింది కదా అన్నాడు ఇంకొకాయన, నవ్వినారు.
ప్రెసిడెంటు పొన్నవ్వ మేడమ్ నా పక్క తిరిగి
"ఓబులేసూ, దెబ్బ తగలకూడదు. కానీ రాకూడదు" అన్నారు.
ఆ రెండు మాటల సందులో ఉంది
నా పదమూడు వేల జీతం.

ముందు గడ్డి కోయడం మానేసినాను.
పొట్టిగడ్డి వాటికి వడ్డించిన విస్తరి.
మోకాలెత్తు పెరిగితే, మెడ ఎంత సాచినా అవతల కనపడదు.
కనపడని చోట నక్క ఉంటుందని
బెంగళూరులో పుట్టిన బాతుకు కూడా ఎవరో చెప్పే ఉంటారు.
తర్వాత చెరువు వైపు గుంజలు పాతి
జానెడెత్తున ఒక తాడు, మూరెడెత్తున ఒక తాడు.
ఎగిరి దాటొచ్చు. దాటవు.
నడిచే దోవలో అడ్డం వస్తే
రెక్కలున్న సంగతే మర్చిపోతాయి.
పిల్లల చేతుల్లో బ్రెడ్డు మాన్పించినాను,
అన్నిటికన్నా అదే కష్టం.
రోజూ చేతులు చాపి, వెనక నుంచి,
అరవకుండా, నిదానంగా నడిచినాను,
పెండ్లిలో తిని కూడా లేవని చుట్టాలను లేపినట్టు.

ఇట్లా తోలడం యాడ నేర్చినావని మేడమ్ అడిగినారు.
కదిరి పక్క గొర్రెలు కాసినాను అన్నాను.
అది సగం.

కల్యాణ్ నగర్‌లో మా రూము ఓనరు
ఏనాడూ పొమ్మనలేదు.
మొదట నీళ్ళు రోజు మార్చి రోజు.
తర్వాత మెట్ల కింద బల్బు తీసేసినాడు.
తర్వాత నా సైకిలు పెట్టే చోట పూలకుండీలు, రోజాలు.
ఒక్క దెబ్బ తగల్లేదు.
నెలన్నరకు మేమే మూటలు కట్టుకున్నాము.
పోతా పోతా థ్యాంక్సు కూడా చెప్పింది మా గంగులమ్మ.

ఈ గేటు పక్క బెంచీకి నడుమ ఇనుప చెయ్యి ఉంది.
మోచెయ్యి ఆనించుకోడానికంట.
నైటు డ్యూటీలో దాని మీద ఒకసారి నడుం వాల్చి చూడండి.

ఇరవై రోజులకు పది బాతులు
గట్టు అవతల రెల్లు పక్కకు మారిపోయినాయి.
మేడమ్ స్వీటు బాక్సు ఇచ్చి
ఇంగ గడ్డి కోసేయమన్నారు.

పది. నేను లెక్క చెప్పలేదు.

మిషను తోసుకుంటా పోయి నడిమధ్య ఆపేసినాను.
వాటిని భయపెట్టను నేను పెంచిన గడ్డిలోనే
పొట్ట ఈకలు పీకి పరుచుకొని
ఒకటి కూర్చోనుంది.
నన్ను చూసి బుస కొట్టింది, లేవలేదు.
పక్కకు దొర్లిన గుడ్డును ముక్కుతో కిందికి లాక్కుంది.

చెరువు వైపు తాడు విప్పి తెచ్చినాను.
దాని చుట్టూ నాలుగు గుంజలు,
జానెడెత్తున ఒకటి, మూరెడెత్తున ఒకటి.
ఈసారి కుక్కలకు, స్కేటింగ్ పిల్లోళ్ళకు.

ఫోను చేసి, మిషను బ్లేడు విరిగింది మేడమ్ అన్నాను.
ఎన్నాళ్ళు పడుతుంది?
వేళ్ళు మడిచి లెక్కపెట్టినాను.
పార్టు పుణె నుంచి రావాల మేడమ్,
ఇరవై ఎనిమిది రోజులు,
ఒకటీ రెండూ అటూ ఇటూ.