కుళాయి కట్టేసి చూడు

మీటరు అబద్ధమాడుతోందని ఎవరైనా గొడవకొస్తే
నేను వాదించను.
ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయమంటాను.
ముల్లు ఆగిందా, సరే.
ఇంకా తిరుగుతోందా,
మట్టికింద ఎక్కడో ఎవరూ తాగని నీళ్లకి
ఎవరో డబ్బు కడుతున్నారన్నమాట.

కిసుము నీళ్ల ఆఫీసులో పదకొండేళ్లుగా ఇదే పని.
సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయింది.
డిగ్రీ ఉండాలన్నారు.

ఆ రాత్రే ఫోన్లో ప్రకటన:
ఇంగ్లండు విశ్వవిద్యాలయం, రాతి గోపురం, పచ్చగడ్డి,
మూడేళ్లు, ఇంట్లోనే, వాయిదాల్లో.
నంబరిచ్చిన పది నిమిషాలకి కెల్విన్ పిలిచాడు.
మర్నాడు ఆరుసార్లు పిలిచాడు.
"సీట్లు అయిపోతున్నాయి అపోండీ" అన్నాడు.
ఎవరి మంచమ్మీద వాళ్లు కూర్చుని చదివే చదువుకి
సీట్లెలా అయిపోతాయో అడగాలనుకున్నాను.
నా పేరు అంత మెత్తగా ఎవరైనా పలికి చాన్నాళ్లయింది.
అడగలేదు.

కెల్విన్ ఆ గోపురం ఎన్నడూ చూడలేదని తర్వాత తెలిసింది.
నైరోబీలో నాలుగో అంతస్తు, కింద టైర్ల షాపు.
పేరొక్కటే విశ్వవిద్యాలయానిది.
పాఠం కంపెనీది, ఫోను కంపెనీది,
నేను కట్టే వందలో అరవై కంపెనీది.
మిగతా నలభైకి ముద్ర అద్దెకొస్తుంది.

మా ఒచోలా నవ్వాడు:
"పెళ్లికి కోటు అద్దెకి తెచ్చుకుంటాం.
అంతమాత్రాన పెళ్లి దొంగదవుతుందా?"

దానికి నా దగ్గర బదులు లేదు.
కుళాయి ఉంది.

మూడో అసైన్‌మెంటు, ఏడో పేజీ,
వినియోగదారుల సంతృప్తి అనే పేరా నట్టనడుమ
ఒమెనా కూర రాశాను.
ఎండుచేపల్ని వేడినీళ్లలో మూడుసార్లు కడగాలి,
ఇసుక పోవాలి, తలలు తుంచక్కర్లేదు,
ఉల్లి, టమాటా, దించేముందు కాస్త మీగడ.

నాలుగు గంటల్లో తిరిగొచ్చింది. డెబ్బై ఒకటి.
"వాదన బలంగా ఉంది. ఆధారాలు ఇంకొన్ని ఇవ్వవలసింది."

ముల్లు తిరుగుతోంది.

కెల్విన్‌కి ఫోన్ చేశాను. అభినందనలు చెప్పాడు.

అక్కడే మానేయాల్సింది.
ఇంటిముందు పైపు కారుతోందని తెలిసీ
నెలనెలా బిల్లు కట్టేవాళ్లని చూసి విసుక్కునేదాన్ని.
తర్వాతి వాయిదా కట్టాను.
కొత్త కోర్సు. మళ్లీ ఏడో పేజీ. మళ్లీ అదే కూర,
అక్షరం మార్చకుండా.

ఈసారి పంతొమ్మిది రోజులు పట్టింది.
నలభై ఎనిమిది.

అంచున చిన్నచిన్న అక్షరాలు:
"ఇలాంటి చేపని మా బులవాయోలో కపెంటా అంటాం.
మీగడ బదులు వేరుశనగ ముద్ద వేసి చూడండి.
ఈ పేరాకి మార్కుల్లేవు. ప్రశ్న ఇది కాదు.
చదువుతున్నానో లేదో చూడ్డానికి రాశారు కదా,
చదువుతున్నాను. ఇంకా నూట ముప్పై ఉన్నాయి.
నాలుగో పేజీలో మీ లెక్క తప్పు."

సంతకం లేదు. టి.ఎన్. అని రెండు పొడి అక్షరాలు.

లెక్క చూశాను. తప్పే.
పోయిన నీటిని అమ్మిన నీటితో భాగిస్తున్నాను.
పంపిన నీటితో భాగించాలి.
పదకొండేళ్లుగా నేనూ ఒచోలా అందరం
తలకిందులుగానే భాగిస్తున్నాం.
కారుతున్న ఊరికి తప్పుడు కొలత రాసిస్తున్నాం.

అదే గోపురం. అదే టైర్ల షాపు పైన మెట్లు.
డెబ్బై ఒకటీ, నలభై ఎనిమిదీ
ఒకే కాగితంలో కలిసి వచ్చాయి,
బంగారు రంగు చుట్టుతో.
అందులో టి.ఎన్. ఎక్కడా లేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు.
ఒకాయన ముద్రమీద బొటనవేలు రాసి చూశాడు
ఉబ్బెత్తుగా ఉందో లేదోనని.
ఉంది. తల ఊపాడు.
లెక్క సంగతి ఎవరూ అడగలేదు.
నేనే చెప్పాను.
వాళ్ల మొహాలు ఎలా అయ్యాయో ఇప్పుడు చెప్పను,
కబురు ఇంకా రాలేదు.

ఆదివారం వేరుశనగ ముద్ద వేసి వండాను.
బాగుంది.
ఒక్క ఇసుక పలుకు మాత్రం పంటికింద పడింది,
మూడుసార్లు కడిగినా.