తొమ్మిదో మెట్టు

బ్ర్నోలో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
ట్రాము షెడ్డు పక్కన మా గది,
హీటరు మీద ఆరుతున్నాయి ఎవరివో మేజోళ్ళు.
రేపు కంపైలరు కొత్త విడుదల.
కోడంతా సిద్ధం. మిగిలిందల్లా
రాసి ఉన్న కాగితాన్ని మళ్ళీ రాయడం.

ఆ పని ఎవరికీ వద్దు.
పార్సరు రాయమంటే పోటీ పడతారు,
ఒక్క లూపు వేగం పెంచడానికి నిద్ర మానుకుంటారు,
"విడుదల ఎలా చెయ్యాలి" అన్న పత్రం దగ్గరికొచ్చేసరికి
అందరికీ ఒకేసారి పంటి డాక్టరు గుర్తొస్తాడు.
తిరిగి తిరిగి నా ఒళ్ళో పడింది.

ఇరవై మూడు మెట్లు.
మొదటి మెట్టు చెప్పే యంత్రం చచ్చి ఆరేళ్ళు.
మూడోదాంట్లో ఒక ఆదేశం, దాని పేరు రెండుసార్లు మారింది.
ఐదులో "కింది బొమ్మ చూడు" అని ఉంది,
కింద బొమ్మ లేదు.
పన్నెండూ పదమూడూ ఒకదాన్నొకటి కాదంటాయి,
వేరుపడ్డ అన్నదమ్ముల మధ్య గోడలా ఒక ఖాళీ గీత.
కొట్టేశాను, దిద్దాను, అతికాను.
పదకొండో విడుదల అని ఉన్నచోటల్లా పన్నెండు చేశాను.

తొమ్మిది దగ్గర ఆగాను.

"మూటలన్నీ కట్టాక, సంతకం పెట్టేముందు,
ఇరవై నిమిషాలు ఆగు."

అంతే. ఎందుకో లేదు.

చరిత్ర తవ్వాను. పద్నాలుగేళ్ళ కిందటి మార్పు.
చేసింది ఒటకార్ హ్రుబెష్.
కారణం రాయాల్సిన చోట ఒకే మాట: "అవసరం."
అప్పట్లో సర్వర్లు నత్తలు, అందుకన్నాడు లుడెక్.
కాదు, డిస్కు చల్లారడానికంది బోజెనా.
ఇద్దరూ అప్పటికి బళ్ళో ఉన్నారు.
తద్దినానికి పిల్లిని కట్టేసిన కథే ఇదీ అనుకున్నాను.
పద్నాలుగేళ్ళుగా మేమంతా తప్పకుండా
కనబడని పిల్లిని గుంజకు కడుతున్నాం.

వాక్యం మీద గీత పడేదే. వేలు మీట మీద ఉంది.
నొక్కలేదు. ఫోన్ చేశాను.

ఒటకార్ ఇప్పుడు ట్రాము నడుపుతాడు, నాలుగో నంబరు.
డ్యూటీలో ఫోనెత్తడు.
ఎనిమిదింటికి తనే చేశాడు,
వెనక ఇనుము రాపిడి, ఎవరిదో ఈల.
"ఓ, అదా!" నవ్వాడు. "సిగరెట్టు.
బాల్కనీలో రెండు. మంచు పడితే ఒకటి."

"అయితే కొట్టేయనా?"

అవతల కాసేపు ఇనుమే మాట్లాడింది.
"ఒకసారి, రెండో సిగరెట్టు సగంలో ఉండగా
తట్టింది.
ఋణ సంఖ్యని భాగిస్తే మనవాడు శేషం తప్పిస్తున్నాడని.
పరీక్షలన్నీ పచ్చదీపాలే. ఒక్కటీ ఎర్రగా లేదు.
అప్పటికే సంతకం పెట్టేసి ఉంటే
ఏ ఊళ్ళో ఎవరి పద్దు తలకిందులయ్యేదో.
మర్నాడు ఆ మెట్టు రాశాను.
సిగరెట్టని రాయడానికి సిగ్గేసింది."

ఇంకా తాగుతున్నావా అనడిగాను.
"మానేశా. చివరి స్టాపులో ఆరు నిమిషాలిస్తారు.
ఊరికే కూచుంటా.
తలుపులు తీసే ఉంచుతా."

కొట్టేయలేదు. ఇలా మార్చాను:

తొమ్మిది. ఇరవై నిమిషాలు ఆగు.
ఇది యంత్రానికి కాదు, నీకు.
తెర ముందు నుంచి లే.
ఏదైనా తడితే ఒకటో మెట్టుకి తిరిగి రా.

"తట్టకపోతే?" అని పక్కన రాసింది బోజెనా.
న్యాయమైన ప్రశ్న. ఇంకో ముక్క చేర్చాను:
తట్టకపోతే పదికి వెళ్ళు.

మర్నాడు మూటలు కట్టాం.
లుడెక్ గడియారం పెట్టాడు, మొహంలో నమ్మకం లేకుండా.
నేను వీధిలోకి దిగాను.
నాలుగో నంబరు పోయింది, అద్దం వెనక ఎవరో కనబడలేదు.
చలి. చెయ్యడానికేమీ లేని చేతులు.
పట్టాల మీద నూనె మరకలు లెక్కపెట్టాను,
ఋణ సంఖ్యల్ని కావాలనే తలుచుకున్నాను,
అవి పలకలేదు.

పద్దెనిమిదో నిమిషంలో తట్టింది:
హీటరు మీద మేజోళ్ళు నావే.

ఇంకేమీ తట్టలేదు.
పైకి వెళ్ళి వాటిని తొడుక్కున్నాను.
వెచ్చగా ఉన్నాయి.
పదో మెట్టు. సంతకం పెట్టాను.