అరువు గొంతు

వ్యాన్ నాది. అంతకుముందు దాంట్లో చేపలు మోసేవాణ్ణి.
ఎన్ని బకెట్ల నీళ్ళు కొట్టినా
గ్రిమ్స్‌బీ వాసన వదల్లేదు.
గిటార్ పెట్టె తెరిస్తే లండన్ కుర్రాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు,
తీగ మోగాక చెయ్యి తీసేసేవాళ్ళు.

నలుగురు. బ్యాండు పేరు మూడో నంబర్ డాక్.
అరవై మూడు చలికాలం, పబ్ వెనకాల గది.
మీటర్లో షిల్లింగు వేస్తేనే గ్యాస్ వెలిగేది.
అది ఆరిపోయేలోగా ఒక పాట పట్టుబడాలి.

రికార్డులు ఓడల్లో వచ్చేవి,
ఒక వంటవాడి పిండి డబ్బాలో.
గీతలు పడ్డ ఆ చుట్టుల్లోంచి
మూకుట్లో నూనె చిటపటల మధ్య
మిసిసిపీ మనిషి గొంతు.
పత్తిచేను మేం చూడలేదు.
తిరిగిరాని ట్రాలర్ కోసం
తెల్లార్లూ ఆర్పని దీపం చూశాం, అంతే.
అయినా నెవిల్ ఓర్మ్ ఆ పాట ఎత్తుకుంటే
వాళ్ళమ్మ ఇస్త్రీ ఆపి గోడ అవతల్నించి అడిగేది:
"ఎవరు పోయార్రా?"

అరవై ఆరులో ఎజ్రా పికెన్స్ వచ్చాడు.
రికార్డులో గొంతు ఆయనదే.
బూడిదరంగు సూటు, ఒక బూటుకి లేసు బదులు పురికొస.
మావాళ్ళు ఆయన పాట ఆయనకే వినిపించారు,
టౌన్‌హాల్ అద్దాలు గిలగిల్లాడేలా.
ఆయన మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.
"బానే ఉంది బాబూ,
ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని?" అన్నాడు.

స్టేషన్‌కి నేనే దింపాను.
ముక్కు మూసుకోలేదు.
"మా నాన్న కూడా చేపలే పట్టేవాడు."
ఆ తర్వాత దారి పొడుగునా ఒక్క మాట లేదు.

ఆ పాటే మా పాట అయింది. లక్షల రికార్డులు.
లేబుల్ మీద: రచన, ఓర్మ్ - స్కెల్టన్.
నేనూ చదివాను. నోరు మెదపలేదు.
నెలజీతం పెరిగింది మరి.

ప్రభావం అంటారు ఇప్పుడు, పెద్ద మాట.
నాకు తెలిసింది ఒక ఉత్తరం.
మెంఫిస్ కుర్రాడు డ్రమ్మర్ బార్నీకి రాశాడు:
"మీ రికార్డు విని గిటార్ కొన్నాను.
ఎజ్రా గారు మా పక్క వీధిలోనే ఉండేవారట.
సముద్రం దాటొచ్చి మీరు చెబితే గానీ తెలీలేదు."

తొంభై ఒకటిలో, అందరూ విడిపోయాక,
నెవిల్ లేబుల్ మార్పించాడు. బాకీ లెక్క కట్టి పంపాడు.
అప్పటికి ఎజ్రా లేడు.
కూతురి దగ్గర్నించి చిన్న చీటీ వచ్చింది:
"అందింది."
థాంక్స్ లేదు. ఎందుకుంటుంది?

వ్యాన్ తుక్కుకి పోయింది.
నెవిల్ పోయాక ఆ చీటీ నా దగ్గరికి చేరింది.
చేప వాసన కొడుతోంది కాగితం,
లేక నా చేతులేమో.