ఐదు నిమిషాలు

సోహార్‌ల, ఖర్జూరం గోదాం కప్పు మీద
నలభై పలకలు. మిట్టమధ్యాహ్నం.
సుహైల్ సార్ మెయిన్ దించిండు.
నెత్తిన అంత ఎండ పెట్టుకొని
ఇన్వర్టర్ టక్కున ఆరింది.
"పాస్" అని సంతకం పెట్టిండు.

అర్బాబ్‌కు మండింది:
ఎండ నాది, పలకలు నావి,
ఊరి లైను పోతే
నా దీపమెందుకు పోవాలె?

చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
సచ్చిన తీగే గదా అని
నిరుడు స్తంభమెక్కి ముట్టుకున్న ఎల్లేశం
చెయ్యి చూపిద్దామంటే
వాడు మెట్‌పల్లిల
ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నడు.
ఏదో మిద్దె మీది ఎండ
దరఖాస్తు లేకుండ, చెప్పకుండ
వెనక్కి పారింది ఆ పూట.

లైనొచ్చింది. ఐదు నిమిషాలు ఆగాలె,
యాభై హెర్ట్జ్‌తో అడుగు కలవాలె.
మీటరు దిక్కు చూస్తున్నరు అందరు.
నేను రోడ్డు దిక్కు,
స్తంభం మీద ఎవరన్న ఉన్నరా అని.