బండలు అయిపోయిన కాడ

తొమ్మిదో తరగతి, మూడో పీరియడ్, సోషల్.
పేజీ నడుమ నిలువుగా గీత కొట్టండి అన్నాను.
ఎడమ పక్క ఒకరి మాట, కుడి పక్క ఇంకొకరిది.
పైకప్పు కూలిన కాలనీ బడిని
ఊరి బడిలో కలిపిన ఏడు
ఏం జరిగిందో పెద్దవాళ్లను అడిగి రండి.
షరతు ఒక్కటే:
ఇద్దరూ ఒకే వీధి వాళ్లు కాకూడదు.

"పరీక్షకు వస్తాదా మేడం?" అన్నాడు ఉరుకుందు.
రాదన్నాను.
సగం పెన్నులు మూతలు పెట్టేసుకున్నాయి.

సోమవారం నోటుబుక్కులు వచ్చాయి.
ఒకదాని అట్ట మీద టమాటా రసం ఎండి ఉంది,
పత్తికొండ మార్కెట్లో గంపలు దించుతూ అడిగినట్టున్నాడు.
ఇంకొకదాంట్లో గీత ఉంది,
గీతకు అటూ ఇటూ ఏమీ లేదు.
"ఇప్పుడెందుకురా అయ్యన్నీ, అనిరి మేడం."
అదే రాయమన్నాను.

కంబగిరి వాళ్ల జేజినాయన మాట:
"అందరమూ ఒకే గదిలో కూసుంటిమి.
ఎవురూ ఎవుర్నీ ఏమీ అనలే.
ఇప్పుడు లేనిపోనివి పుట్టిస్తాండారు."

మారెక్క వాళ్ల అవ్వ మాట:
"ఒకే గదే, కాదనను.
నాపబండలు పరిచిన కాడ వాళ్లు,
బండలు అయిపోయిన కాడ మేము.
యాడికి అయిపోతాయో మా కాళ్లకు తెలుసు.
అయినా కలపడమే మంచిదాయె.
మా బడి మూడుతోనే ఆగిపోతాండె.
అయిదు చదివినాను కాబట్టే
అంగన్‌వాడీలో ఆయమ్మనైతి."

మారెక్క కుడి పక్క కూడా నింపింది,
వాళ్ల పెదనాయన జీవరత్నం మాటతో:
"కలపకుంటేనే బాగుండు.
మా బడిలో దేవదానం అయ్యవారు
పేరు పెట్టి పిలుస్తాండె, చివరి అక్షరం దాకా.
కలిసినాక నేను 'రేయ్' అయితి.
దీపావళికంతా బుడ్డలు పీకనీకి పోతి."

కింద పెన్సిల్‌తో, చిన్నగా:
మేడం, ఇద్దరిదీ ఒకే వీధి. ఒకే ఇల్లు కూడా.
తప్పయితే కొట్టేయండి.

తప్పు పిల్లది కాదు, షరతుది.
కాలనీకి ఒకే నోరు ఉంటుందని
నాకెవరు చెప్పారో గుర్తు లేదు.
ఈ ఊళ్లో నాకు అద్దె ఇల్లు
ఒక్క పూటలో దొరికింది.
ఇంటిపేరు అడిగారు, తాళంచెవి ఇచ్చారు.
గీత కొట్టమన్నప్పుడు
ఆ సంగతి నేను ఏ పక్కా రాసుకోలేదు.

అయినా టీచర్ని కదా,
బోర్డు మీద 'భిన్న దృక్పథాలు' అని రాసి
కింద గీత కొట్టాను.
గీతలు కొట్టడం నాకు బాగా వచ్చు.
"చూడండి, ఇద్దరూ ఒకే గది అనే అన్నారు,
ఎవరూ అబద్ధమాడలేదు" అన్నాను.

"అయితే చెరి అయిదు మార్కులా మేడం?"
ఉరుకుందే మళ్లీ,
పరీక్షకు రాదంటే పెన్ను మూసినవాడు.

ఆ పాతగది ఇప్పుడు మధ్యాహ్న భోజనం స్టోరు.
బియ్యం మూటలు పక్కకు లాగాం.
మేస్త్రీ దగ్గర టేపు తెచ్చారు.
బూడిదరంగు బండలు తలుపు వైపు నుంచి వరసగా వచ్చి
ఒకచోట నిలిచిపోయాయి.
అక్కణ్నుంచి గోడ దాకా సిమెంటు, రంగు వేరు,
మొన్నమొన్న పోసిందట.
అంతకు ముందు ఉత్త మన్నేనని వంటామె చెప్పింది.
"అయిదడుగుల నాలుగు అంగుళాలు"
అరిచి చెప్పాడు ఉరుకుందు, సంతలో తూకం చెప్పినట్టు.
మారెక్క రాసుకుంది.
ఎడమ పక్కా కాదు, కుడి పక్కా కాదు, గీత మీదే.

పెదనాయన మాటకు మాత్రం టేపు లేదు.
పిలవని పేరును ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా కొలవాలి?
ఆ ప్రశ్నకు నేను ఇంకా మార్కులు వేయలేదు.

కంబగిరి మూటలన్నీ ఒక్కడే యథాస్థానంలోకి లాగాడు.
చొక్కాకు పిండి అంటుకుంది, దులుపుకోలేదు.
"మేడం, మా జేజినాయనను ఇంకోసారి అడగొచ్చా?"
అడుగు. ఏమని అడుగుతావు?

చాలాసేపు బండల చివర చూసి, అన్నాడు:
"నువ్వు యాడ కూసుంటివి, అని."