తిరుగు స్టాంపు

గుణుపురంలో నా కథల మీద మొదటి తీర్పు
తెలుగు చదవడం రానివాడిది.

ఇస్రాయేల్ సబర, పోస్ట్‌మాన్.
ఇంట్లో సవర, ఆఫీసులో ఒడియా,
సంతలో బేరానికి తెలుగు.
కవరు అరచేతిలో పెట్టి ఒక్కసారి ఎగరేసి
వీధి మొదట్లోంచే చెప్పేసేవాడు:
"లావుగుంది బాబూ. తిరిగొచ్చీసింది."

నా చేతిరాతతో నా పేరే,
నేనతికించిన స్టాంపే.
విజయవాడ దాకా పోయి
ఏమీ చూడకుండా వచ్చిన చుట్టంలా
గుమ్మంలో నిలబడేది కథ.
గుండుసూది కూడా కదిలుండేది కాదు.
ఆ పూట రైసుమిల్లు పద్దులో
రెండు బస్తాలు ఎక్కువ రాసి
తిట్లు తినేవాణ్ణి.

పగలంతా నూకలూ తవుడూ ఒడియాలో లెక్కకట్టిన చెయ్యి
రాత్రి తెలుగులోకి దిగితే
తలకట్లు పెట్టాల్సిన అక్షరాలు
గొడుగులు వేసుకుని వచ్చేవి.
కరెంటు పోతే, వంశధార అవతల
పోడు మంట చూస్తూ
నా పాత్రకి ఇప్పుడేం తోస్తుందా అని కూర్చునేవాణ్ణి.
దానికేమీ తోచేది కాదు.
నాకూ అంతే.

సన్నటి కవరు ఒకే ఒక్కసారి వచ్చింది.
"సన్నం! సన్నం!" అని
బియ్యం అమ్మేవాడిలా అరుచుకుంటూ
సైకిల్ దిగకుండానే వీధంతా చెప్పాడు ఇస్రాయేల్.

మూడు నెలలకి అచ్చు.
నా పేరులో ఒక అక్షరం పోయింది.
కథలో చివరి పేరా పోయింది,
ఆ జాగాలో మోకాళ్ళ నొప్పుల నూనె.
మనియార్డరు నూట యాభై.
కుంతల కుక్కరుకి గాస్కెట్టూ, అరకిలో చేపలూ కొని
మిగిలింది నా చేతిలో పెట్టి
"కాయితాలకి" అంది.
డబ్బు అయిపోయింది గాని
ఆ మాట ఇంకా ఖర్చుపెట్టలేదు నేను.

మెట్టుమీద కూచోబెట్టి ఇస్రాయేల్‌కి చదివి వినిపించాను.
కొండ దిగి చింతపండు తెచ్చిన ముసలిది
తూకంలో మోసపోయి ఏడుస్తుంది అందులో.

"ఏడవనేదు బాబూ.
అది మా అప్ప.
షావుకారి గడపమీద గంప తిరగేసీసి
ఉత్త గంపతో కొండెక్కీసింది."

అచ్చయిపోయింది కదా, అన్నాను.
"అచ్చయితే ఏటి?"

తర్వాత ఆరేళ్ళు ఒక్క కథా పూర్తవలేదు.
ముసలిది గడప దాకా వస్తుంది,
గంప ఎత్తుతుంది,
నేను దాచి ఉంచిన కన్నీళ్ళు అడ్డుపడతాయి.

ఇప్పుడు పత్రికలవాళ్ళు మెయిల్లో పంపమంటున్నారు.
నొక్కితే పోతుంది. లావూ సన్నమూ లేవు.
రాని జవాబుని
ఏ అరచేతిలో పెట్టి ఎగరెయ్యను?

నిన్న సాయంత్రం వచ్చాడు ఇస్రాయేల్.
రిటైరై నాలుగేళ్ళు, కుడికంట్లో శుక్లం.
బల్లమీది కాయితాల కట్ట తీసి
అలవాటు కొద్దీ ఎగరేశాడు.

"ఎక్కిందా కొండ?"
"సగం."

ఇంకోసారి ఎగరేసి చూశాడు.
"గంపలో ఇంకా ఏటో ఉండిపోనాది బాబూ."