శనివారం దుడ్లు

గుత్తి రోడ్డులో పొద్దు గూకినాక
షెడ్డు రేకులు చల్లారతా టిక్కు టిక్కుమంటాయి.
గల్లాపెట్టె మింద నోటుబుక్కు తెరుస్తా.
ఆరు పేర్లు.

మా మేస్త్రి నాకు దుడ్లు ఇయ్యలే ఎప్పుడూ.
బన్నూ టీ, పండక్కొక నిక్కరు.
"పని నేర్పుతుండాగదరా, అదే నీ జీతం" అనేవాడు.
ఏడేండ్లు ఆ జీతమే తింటి.
నా షెడ్డులో అట్లుండగూడదని
పనికింత అని రేటు కడితి.
క్లచ్ ప్లేటుకింత, బ్రేకు లైనర్లకింత,
ఇంజను దించితే రెండు వేలు.
గోడ మింద సుద్దముక్కతో రాసి
చేతులు దులుపుకుంటి.

పోయిన మంగళవారం
తాడిపత్రి బండల లారీ రొప్పుతా వచ్చె.
కుళ్ళాయప్ప బీడీ ఆర్పి
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి
కండ్లు మూసుకున్యాడు,
పక్కింటి కొట్లాట వింటున్నట్ల.
"మూడో ఇంజెక్టరు" అన్యాడు.
టీ చల్లారకముందే లారీ రోడ్డెక్కింది.

అదే జబ్బుకు వన్నూరప్ప
ముందు వారం ఒక ఇంజను దించి, విప్పి,
గోనెపట్టాల మింద పెండ్లి సామాన్ల మాదిరి పరిచినాడు.
దించినోనికి రెండు వేలు.
దించకుండా బాగు చేసినోనికి మున్నూరు.
లెక్క తప్పు లేదు. మూడుసార్లు కూడితి.

మారెన్నదింకొక కత.
తుప్పు పట్టిన బోల్టులన్నీ వానికే పోతాయి,
వానికి కోపం రాదు గాబట్టి.
కిరసనాయిలు పోసి, కాల్చి, మెల్లగ తట్టి,
బోల్టు ఊడేసరికి మధ్యాన్నం.
గోడ మింద బోల్టుకు రేటు లేదు.
బుధవారం బళ్ళారి బస్సులో బేరింగు రాలే.
లారీ కింద నీడలో పొద్దంతా పండుకున్యాడు.
"పండుకున్నోనికి దుడ్లేందిరా?" అంటి.
"నేను పండుకోలేదన్నా,
నువ్వు పండబెట్టినావు" అన్యాడు, కోపం లేకుండానే.

ఆ రాత్రి సుద్దగీతలన్నీ తడిగుడ్డతో తుడిస్తి.
పని ఉన్నా లేకున్నా అందరికీ రోజుకూలి,
బస్సు రాకపోతే ఆ పొద్దు నాది.
ఆపైన వచ్చినదాంట్లో వాటా.
బండి వాపసొస్తే వాటా కోత, అని రాస్తి.
రాసి, ఆగితి.
చవకని నేనే కొన్న లైనరు అరిగిపోయి
బండి తిరిగొస్తే
కోత ఎవరికి?
ఆ లైను కొట్టేసి మళ్ళీ రాస్తి. సరిగ్గా కుదరలే.

ఇప్పుడు కుళ్ళాయప్ప పేరుకెదురుగా
కొత్త గడి ఒకటి గీసినా. పైన "చెవి" అని రాసినా.
ముప్ఫై ఏండ్ల చెవికి ఎంత?
పెన్సిలు కొరుకుతా కూచున్యా.
ఐటీఐ చదివొచ్చిన జిలాను
ఆయప్ప నేర్పించినట్లే
స్క్రూడ్రైవరు గల్లాపెట్టెకు ఆనించి
చెవి పెట్టినాడు.

"ఏం వినపడతాందిరా?"

"చిల్లరన్నా" అన్యాడు.

ఆరుగురూ నగినారు.
నేనూ నగితి, రొంత ఆలస్యంగా.